నీళ్ళు ముట్టని ఆదివారం

కాగితపు మిల్లు పొగ గాలివాటున మా వైపు మళ్ళిన రోజున సారపాకలో అన్నం సైతం ఆ వాసనే వేసేది. ఏళ్ళ తరబడి అక్కడ కాపురముండి, పక్కనున్న బూర్గంపాడు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా పని చేస్తున్న నాకే అది పూర్తిగా అలవాటు కాలేదు. అటువంటిది, సముద్రాలు దాటి వచ్చిన ఒక కుర్రవాడు వానపడిన ఉదయాన మా మేడమెట్ల మీద కూర్చొని, ఆ పొగలో నుండి తడిసిన బెరడు వాసనను వేరుచేసి పట్టుకొని, గుండెల నిండా పీల్చి, "ఇది మా నాన్న చొక్కా వాసన" అన్నాడు. అతని తండ్రి వారి దేశంలో ఏదో కొండల ఊరిలో కలప కోసే మిల్లులో పనివాడట.

తొంభయ్యవ దశకం మొదలైన కొత్తలో సంగతి ఇది. మేము కింది వాటాలో ఉండేవాళ్ళం. పైనున్న రెండు గదులనూ ఇంటి యజమాని ఇద్దరు యువకులకు కిరాయికిచ్చాడు. వారు మార్మన్లు. క్రైస్తవంలో అదొక శాఖ అనీ, ఆ శాఖలో ఇరవయ్యేళ్ళయినా నిండని కుర్రవాళ్ళు చదువులు మధ్యలో ఆపుకొని, ఏ దేశానికి పొమ్మంటే ఆ దేశానికి పోయి, రెండేళ్ళపాటు ఇల్లిల్లూ తిరిగి బోధ చేసి రావడం ఆచారమనీ అప్పుడే నాకు తెలిసింది. మిల్లులో ఉద్యోగానికి బదిలీ మీద వచ్చిన ఒక కుటుంబం మరేదో నగరంలో ఉండగా ఆ మతం పుచ్చుకొన్నదట. ఆ ఒక్క ఇంటి కోసమే వీరిని ఇంత దూరం పంపారు. ఇద్దరిలో ఒకడు కలపవాడి కొడుకైన తెల్లవాడు. రెండవవాడు మద్రాసు వైపు నుండి వచ్చినవాడు, అతని జతగాడు. ఆ తెల్ల కుర్రవానికి తెలుగు చెప్పే పని నాకు తటస్థించింది.

వారి దినచర్యను నేను ఏ ఆశ్రమవాసుల దినచర్యతోనైనా పోల్చగలను. మిల్లు సైరను కూయకముందే లేచేవారు. మోకాళ్ళపై కూర్చొని ఒకరు ప్రార్థన చెప్పగా మరొకరు వినేవారు. తరువాత గ్రంథపఠనం, ఆపైన నా దగ్గర తెలుగు పాఠం. తెల్ల చొక్కాలు వారే ఉతుక్కొని వారే ఇస్త్రీ చేసుకొనేవారు. ఆ వర్షాకాలపు బురదలో గడప దాటిన మరుక్షణం పాడైపోతాయని తెలిసి కూడా ప్రతి ఉదయమూ బూట్లకు నల్లరంగు పూసేవారు. కాఫీ, టీలు నిషిద్ధం. సినిమా లేదు, రేడియో లేదు. తల్లిదండ్రులతో టెలిఫోనులో మాట్లాడడం ఏడాదికి రెండు పర్యాయాలే. అన్నిటికంటె నన్ను విస్మయపరచినది మరొకటి ఉంది. ఒకరిని విడిచి ఒకరు ఎక్కడికీ పోరాదు. ఒకడు స్నానానికి పోతే రెండవవాడు మెట్ల మీద కూర్చొని ఉండేవాడు. "ఏకాంతంగా ఏడవడానికైనా వీలు లేదు కదండీ పాపం" అన్నది నా భార్య ఒకనాడు. నాకు ఆ మాట అప్పుడు అతిశయోక్తిగా తోచింది.

పగలంతా సైకిళ్ళ మీద తిరిగేవారు. చాలా తలుపులు తెరుచుకొనేవి కావు. ఇతర సంఘాల క్రైస్తవులు "మీరేం చర్చి?" అని ఆరా తీసి, తలలూపి, లోపలికి పోయేవారు. నేను నేర్పినది గ్రంథాల తెలుగు. మాకు ఆ రోజుల్లో వేరే తెలుగు నేర్పడం చేతనయ్యేది కాదు. అతడు ఆ తెలుగునే ఎత్తుకొని వెళ్ళి ఒక గుమ్మం ముందు, "అమ్మా, తమరు క్షేమముగా ఉన్నారా? తమతో కొంతసేపు సంభాషింపవచ్చునా?" అన్నాడట. లోపలి నుండి ముసలామె మనుమరాలిని కేకవేసింది.

"ఓ పిల్లా, జల్దిన రా! నాటకమోళ్ళు వచ్చిండ్రే. రాజు తెల్లగున్నడు, మంత్రి నల్లగున్నడు!"

సాయంత్రం వచ్చి ఆ మాటలను ఆమె గొంతుతోనే అనుకరించి చెప్పి, పగలబడి నవ్వాడు. నవ్వు ఆగిన తరువాత మెట్ల మీదనే చాలాసేపు ఉండిపోయాడు. "ఈ రోజు ఎవ్వరూ కూర్చోమనలేదు" అన్నాడు నెమ్మదిగా. ఆ వాక్యం ఆ కాలంలో నేను తరచు విన్నాను.

కూర్చోమన్న ఇల్లు ఒకటుండేది. మిల్లు గోడకు ఆవల, కూలీల గుడిసెల వరుసలో, లారీల నుండి వెదురు, జామాయిల్ దుంగలు దింపే కాంట్రాక్టు కార్మికుని ఇల్లు అది. ఒకనాడు బురదలో సైకిలు గొలుసు తెగితే ఆ కార్మికుడే బాగుచేసి, చేతులు కడుక్కొంటూ వీరిని మంచం మీద కూర్చోబెట్టాడట. అది మొదలు మిల్లు పని దిగే వేళకు ఆ ఇంటికి పోవడం వీరికి నిత్యకృత్యమయింది. ఆ కార్మికునికి మతం మీద ఆసక్తి ఎంతమాత్రమూ లేదు. నేను ఒకసారి వెంటవెళ్ళినప్పుడు స్వయంగా విన్నాను.

"మీ దేవుని ముచ్చట తర్వాత జెప్పు గని సారూ, మీ అయ్య కోసే చెట్టు ఎంత లావుంటదో ముందుగాల గది జెప్పు."

కుర్రవాడు రెండు చేతులూ చాపి, "మనము ఇరువురమూ చేతులు కలిపినను చాలదు" అన్నాడు.

"అబద్ధం! గంత చెట్టుంటే మా మిల్లు వాసన పట్టి ఈడికే నడిచొస్తుండె!" అని కార్మికుడు తొడచరిచి నవ్వాడు. "అదిగాక, 'ఇరువురమూ' ఏంది? గిట్ల మాట్లాడితె మా కుక్క గూడ లేవది. 'ఇద్దరం' అను. గంతే."

అతని భార్యకు వీరితో ఒక్క విషయంలోనే పేచీ. మొదటి నెలల్లో కడుపు చెడి మంచం పట్టిన తరువాత, కాచి వడగట్టిన నీరు తప్ప ముట్టరాదని కుర్రవానికి కట్టడి చేశారు. అందుకని ఎక్కడికి పోయినా భుజాన నీళ్ళ సీసా వేలాడుతూ ఉండేది. ఆమె గ్లాసుతో మంచినీళ్ళు తెస్తే చేతులు జోడించి, తన సీసా తెరిచి తాగేవాడు. ఆమె వారికి 'సీసా సార్లు' అని పేరు పెట్టింది. "మా కుండకేమన్న గజ్జి ఉన్నదా సారూ?" అని దెప్పుతూనే, ఎదురుగా కూర్చొని వారు తాగడం ముగించేదాకా చూసేది. తన ఇంట్లో కూర్చొని గొంతు తడుపుకొన్నారు కదా, నీళ్ళు ఎవరివైతేనేమి అని సరిపెట్టుకొన్నదని నాకు తోచింది.

శ్రావణం చివర ఆ కార్మికునికి కామెర్లు వచ్చాయి. నాటువైద్యుడు ఒంటిచేత్తో పిండిన ఆకుపసరు కొన్నాళ్ళు తాగించారు. కళ్ళు పసుపు ముద్దలై, పొట్ట ఉబ్బిన తరువాత నది దాటించి భద్రాచలం దవాఖానాలో చేర్చారు. కాలేయం చెడిందనీ, ఇంకా పెద్ద ఆసుపత్రికి తీసుకొనిపోవాలనీ చెప్పారట. అంత దూరం మోసుకొనిపోయే దిక్కు లేక ఇంటికే తెచ్చుకొన్నారు.

ఆ వారం కుర్రవాని మనస్సు పాఠం మీద నిలవలేదు. ఒక ఉదయం పుస్తకం మూసి, నేను నేర్పిన తెలుగును వదిలి, కార్మికుడు నేర్పిన తెలుగులో, "ఆయన బతకాలె పంతులుగారూ" అన్నాడు. కాసేపటికి మళ్ళీ, "ఈ దేశంలో నేను వచ్చానని సంతోషించిన మనిషి ఆయనొక్కడే. ఇంకెవరి దగ్గరకు పోయినా ఎప్పుడు పోతానా అని చూస్తారు" అన్నాడు.

నెలలో మొదటి ఆదివారం వారు ఉపవాసముంటారు. ఒక సాయంత్రం భోజనం చేస్తే మరునాటి సాయంత్రం దాకా అన్నమూ లేదు, నీళ్ళూ లేవు. ఏదైనా ఒక కోరికను మనస్సులో నిలిపి ఆ ఉపవాసాన్ని దానికి అర్పించవచ్చునట. రాబోయే ఆదివారపు ఉపవాసం పూర్తిగా ఆ రోగి కొరకేనని కుర్రవాడు చెప్పాడు. నా భార్య తడి చేతులు కొంగుకు తుడుచుకొంటూ వచ్చి, "నీళ్ళు కూడానా నాయనా?" అని అడిగింది.

"నీళ్ళు కూడా అమ్మా."

అతడు మేడ ఎక్కిన తరువాత ఆమె నాతో, "మన ఏకాదశికి పాలూ పళ్ళూ ఉన్నాయి. వీడిది నిర్జలం. దేవుడు వినకపోతాడా?" అన్నది. వింటాడనే నేనూ అనుకొన్నాను.

ఆదివారం సాయంకాలం రోగిని చూడడానికి నన్నూ రమ్మన్నాడు. అతని ఎదుట తన తెలుగు తడబడితే సరిదిద్దడానికి ఒక మనిషి కావాలన్నాడు. వాన వెలిసి, ఎండ పలుచగా కాస్తున్నది. కుర్రవాని పెదవులు ఎండి తెల్లబారి ఉన్నాయి. భుజాన సీసా లేదు.

గుడిసెలో మంచం మీద ఆ కార్మికుడు వెల్లకిల పడుకొని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవబోయి లేవలేకపోయాడు. కుర్రవాడు మంచం పక్కన నేల మీదనే కూర్చొని అతని చెయ్యి పట్టుకొన్నాడు. జతగాడు గోడవారన కూర్చొన్నాడు. ఇల్లాలు మూడు గ్లాసులతో నీళ్ళు తెచ్చింది. నేను అందుకొని తాగాను. జతగాడు చేతులు జోడించాడు. కుర్రవాడూ చేతులు జోడించాడు.

"సీసా ఏది సారూ?" అన్నదామె.

"తేలేదు అక్కా."

"గట్లయితే మా నీళ్ళే తాగు. పొద్దుగాల కాచి పెట్టిన, మందు మింగెతందుకు."

"వద్దు అక్కా. ఈ దినము నీళ్ళు ముట్టము."

ఆమె చేతిలో గ్లాసు అట్లాగే నిలిచిపోయింది. మొగుని వంక చూసింది. నేల మీద కూర్చొని, తల వంచి, అతని చెయ్యి పట్టుకొని ఉన్న కుర్రవాని వంక చూసింది.

మా వైపు ఊళ్ళలో ఒక ఆచారం ఉంది. చావు జరిగిన ఇంటికి పలకరింపుకు పోయినవారు అక్కడ మంచినీళ్ళు కూడా ముట్టరు. మంచం మీద కూర్చోరు. మౌనంగా నేల మీద కాసేపు కూర్చొని, పోయివస్తామని చెప్పకుండా లేచిపోతారు. ఆమె కళ్ళకు ఆ క్షణాన కనిపించినది అదే.

"లే" అన్నదామె. గొంతు పెద్దది కాలేదు. "లే సారూ. నా ఇంట్ల ఇంకా సావు కాలే. ఊపిరున్న మనిషిని సూడొచ్చి నీళ్ళు ముట్టనంటవా? పంతులు తాగిండు. నీకేమాయె? మా ఇంట్ల పీనుగును జూసినవా నువ్వు?"

అతనికి ఆ మాటలు అర్థం కాలేదు. కోపం మాత్రం అర్థమయింది. ముగ్గురమూ బయటికి వచ్చాము. గుమ్మానికి నాలుగడుగుల దూరంలో, సైకిళ్ళ దగ్గర, నేను అతనికి ఆ ఆచారాన్ని వివరించి చెప్పాను. వింటూ ఉండగానే అతని మొహంలో నెత్తురు ఇంకిపోయింది.

"నేను ఆయన బతకాలని..." అని ఆగాడు.

జతగాడు గడియారం చూసి ఇంగ్లీషులో, "ఇంకొక గంటలో మన ఉపవాసం ముగుస్తుంది. ముగించుకొని, నీళ్ళ సీసా తీసుకొని మళ్ళీ వద్దాము" అన్నాడు. అది వివేకమైన మాట. నేనూ తలూపాను. లోపల ఆమె ఏడుపు వినిపిస్తున్నది. గోడ దాటి వినిపించకుండా ఏడవడానికి ఆమె చేస్తున్న ప్రయత్నం కూడా వినిపిస్తున్నది. కుర్రవాడు సైకిలు పిడి మీద చెయ్యి వేసి, తీసి, మళ్ళీ వేసి, చివరకు వదిలేశాడు. చెప్పకుండా తిరిగి లోపలికి పోయాడు. జతగాడు అతని వెంట పరుగెత్తాడు.

నేను గుమ్మం చేరేసరికి అతడు మంచం పట్టె మీద కూర్చొని ఉన్నాడు. "అక్కా, నీళ్ళియ్యి" అంటున్నాడు.

ఆమె కదలలేదు.

"దూప అయితుంది అక్కా. నీళ్ళియ్యి."

ఆ 'దూప' అనే మాట నేను నేర్పినది కాదు; నేను నేర్పినది 'దాహము'. ఆమె కాచిన నీళ్ళను పక్కన పెట్టి, కుండలో నుండే ముంచి ఇచ్చింది. కావాలనే అట్లా చేసిందో, తొందరలో చేసిందో నేను చెప్పలేను. అతడు గ్లాసును రెండు చేతులతో పట్టుకొన్నాడు. ఒక్క క్షణం కళ్ళు మూసుకొన్నాడు. తరువాత ఆపకుండా తాగాడు. గడ్డం మీదుగా చొక్కా మీదికి నీళ్ళు కారాయి.

"మెల్లగ తమ్మీ, మెల్లగ తాగు" అన్నదామె. అతనిని ఆమె తమ్మీ అనడం నేను వినడం అదే మొదటిసారి.

మంచం మీది మనిషి పసుపు కళ్ళతో ఇదంతా చూస్తూ, పలుచగా నవ్వాడు. "ఇగ ఫికరు లేదు. సీసా సారు మా నీళ్ళు తాగిండు. నేను బతికినట్టే" అన్నాడు.

ఆ వారం గడవకముందే అతడు పోయాడు.

చావింటికి మేము ముగ్గురమూ వెళ్ళాము. ఆనాడు మాకు ఎవరూ నీళ్ళివ్వలేదు. పీనుగు లేచిన తరువాత ఆడవారు ఆమెను కూర్చోబెట్టి ఓదారుస్తుండగా, జతగాడు తనకు వచ్చిన కొద్దిపాటి తెలుగులో, తన స్నేహితుడు ఆ ఆదివారం ఎందుకు నీళ్ళు ముట్టనన్నాడో ఆమెకు చెప్పాడు. ఆ కుర్రవాని మీద ఆమెకు ఏ కోపమూ మిగలకూడదని అతని ఉద్దేశం. ఆమె విన్నది.

మరునాటి ఉదయం పాఠానికి అతడు వేళకే వచ్చాడు. చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. బూట్లు మెరుస్తున్నాయి. పుస్తకం తెరిచి, ఒక వాక్యం చదివి, ఆగి, "ఒక్క గంట పంతులుగారూ" అన్నాడు.

"ఏమిటి నాయనా?"

"ఒక్క గంట నేను ఆగి ఉంటే?"

ప్రశ్న నాకు అర్థమయింది. నాకు తెలిసిన పురాణాలలో వ్రతభంగం వలన కలిగిన అనర్థాల కథలు ఎన్నో ఉన్నాయి. వాటిని పిల్లలకు నమ్మకంగా చెప్పినవాడిని నేను. ఆ ఉదయం అవన్నీ నాకు అడ్డం వచ్చాయి. "గుక్కెడు నీళ్ళతో ప్రాణం పోదు, గుక్కెడు నీళ్ళు మానితే నిలవదు. వ్యాధి ముదిరింది. వైద్యులు ముందే చెప్పారు" అన్నాను. జతగాడు కూడా ఎంతో మృదువుగా, "మన దేవుడు గడియారం చూసి మనుషులను చంపడు. ఆమె కోసం నీవు విడిచినదే అసలైన ఉపవాసం" అన్నాడు. ఆ పిల్లవాని నోట అంత పెద్ద మాట వస్తుందని నేను ఊహించలేదు.

కుర్రవాడు ఇద్దరి మాటలూ శ్రద్ధగా విన్నాడు. "అవును. నాకు తెలుసు" అన్నాడు. ఆ తరువాత పాఠం పూర్తిగా చదివాడు. సైకిలు ఎక్కి తలుపులు తట్టడానికి వెళ్ళాడు. ఆ రోజూ, ఆ మరునాడూ, ఏ నియమమూ తప్పకుండా తిరిగాడు. సాయంత్రం మెట్ల మీద కూర్చొనేవాడు కాదు. ఒకనాడు స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు ఎంతకూ ఆగకపోతే, మెట్ల మీద కావలి కూర్చొన్న జతగాడు నా వైపు చూసి, చూపు తిప్పుకొన్నాడు. అప్పుడు నా భార్య అన్న మాట అతిశయోక్తి కాదని తెలుసుకొన్నాను.

వారిలో ఎవరినీ ఒకచోట ఎక్కువకాలం ఉంచరు. కొద్ది వారాలకే అతనికి వేరొక ఊరికి పొమ్మని కబురు వచ్చింది. అతని స్థానంలో మరొకడు వస్తాడట. వెళ్ళేముందు ఆ ఇంటికి పోయి చెప్పి వద్దామా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. "ఆమె ముందు కూర్చుంటే మళ్ళీ నీళ్ళు తెస్తుంది" అన్నాడు. బస్సు కదిలేటప్పుడు చెయ్యి ఊపాడు కాని, ముఖం మా వైపు తిప్పలేదు.

ఆ సంగతి ఆమెకు చెప్పవలసిన బాధ్యత నాదేనని తోచి, నేనొక్కణ్ణే వెళ్ళాను. గుడిసె తాళం వేసి ఉంది. మొగుడు పోయిన తరువాత కాంట్రాక్టరు ఆమెను పనిలోకి తీసుకొన్నాడని పక్కింటివారు చెప్పారు. మిల్లు బయట దుంగల గుట్టల మధ్య నలుగురైదుగురు ఆడవాళ్ళు జామాయిల్ బెరడు ఒలుస్తున్నారు. నన్ను చూసి ఆమె కత్తి పక్కన పెట్టి లేచి వచ్చింది. చేతులు జిగురుతో నల్లబడి ఉన్నాయి.

"తమ్ముడు పోయిండా పంతులూ?"

"పోయాడమ్మా. నిన్ననే."

"వాళ్ళమ్మ కాడికేనా?"

"కాదు. ఇంకొక ఊరికి. ఇంకా చాలాకాలం ఉంది అతనికి."

"గింత చిన్న పోరన్ని ఎన్ని ఊర్లు తిప్పుతరో" అన్నదామె. కాసేపు బెరడు తీసిన దుంగల వంక చూస్తూ నిలబడింది. పచ్చి కలప తెల్లగా, తడిగా మెరుస్తున్నది. తరువాత గొంతు తగ్గించి, పక్కవారికి వినబడకుండా అడిగింది.

"ఓ మాట నిజం జెప్పు పంతులూ. చదువుకున్నోనివి. ఆనాడు నేను నోరు మూసుకొని ఉంటే, గా పిలగాడు తాగకపోతుండె. తాగకపోతే మా ఆయన బతుకుతుండెనా?"

"లేదమ్మా" అన్నాను. "ఆ రోగం అటువంటిది. నీ వలనా కాదు, అతని వలనా కాదు."

ఆమె నా మొహంలోకి చూసింది. ఆ చూపును తట్టుకోవడానికి నాకు తెలిసిన శాస్త్రం ఏదీ పనికిరాలేదు.

"అవ్. నువ్వు గట్లనే అంటవ్ పంతులూ" అన్నది. "ఇంకేమంటవ్ మరి."

మేస్త్రీ కేకవేశాడు. ఆమె వెళ్ళి, కత్తి అందుకొని, సగం ఒలిచిన దుంగ ముందు మళ్ళీ కూర్చొన్నది.